ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్: 64 మంది పిల్లలకు నిజంగా పని నేర్పే చోటు ఎలా వెతకాలి?

శారదా తీరం · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అనకాపల్లి జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈసారి ఇంటర్న్‌షిప్‌ల బాధ్యత నాకు అప్పగించారు. ఆఖరి సంవత్సరంలో 64 మంది ఉన్నారు, దాదాపు సగం బీఎస్సీ, సగం బీకామ్. డిసెంబర్ నుంచి సెమిస్టర్ మొత్తం వాళ్లు కాలేజీ బయట పని నేర్చుకోవాలి.

ఏపీ బయట ఉన్నవాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, రెండో ఏడాది అయ్యాక రెండు నెలల ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్. ఉన్నత విద్యామండలి ఇచ్చిన పుస్తకంలో ప్రతి రోజుకీ ఒక వరుస ఉంటుంది. ఆ రోజు ఏం చేశారు, ఏం నేర్చుకున్నారు అని రాయాలి, పక్కన అక్కడి బాధ్యుడి సంతకం ఉండాలి.

గత ఏడాది వైవా రోజున ఒక అబ్బాయి పుస్తకం తెరిచాను. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకటే నీలం పెన్ను, ఒకటే ఒత్తుడు. సంతకాలన్నీ ఒకే వాలులో ఉన్నాయి. "నువ్వు రోజూ ఎక్కడ కూర్చునేవాడివి నాన్నా?" అని అడిగాను. జవాబు లేదు. వైవా అయ్యాక స్టాఫ్ రూమ్ బయట నిలబడి ఏడ్చాడు. ఒక ఇన్‌స్టిట్యూట్‌కి 1500 కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడట. ఆ నెలలన్నీ కేటరింగ్ పనికి వెళ్లి ఇంట్లో డబ్బు ఇచ్చాడట. వాణ్ని ఏమనగలను? చోటు వెతుక్కోమని 20 ఏళ్ల పిల్లాడికే వదిలేసింది మేము.

ఈసారి అలా జరగనివ్వను. కంపెనీల వాళ్లతో ఎలా మాట్లాడాలి, ఏం అడగాలి, ఏం ఒప్పుకోకూడదు? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

—

2023 బ్యాచ్ · ఆదివారం, రాత్రి 10:25

మేడమ్, నాది బీకామ్. నన్ను ఒక ఫైనాన్స్ ఆఫీసులో వేశారు. మొదటి రెండు నెలలు జిరాక్స్ తీయడం, ఫైళ్లు సర్దడం, సార్‌కి టీ తెప్పించడం, అంతే. అక్కడ ఒక క్లర్క్ అక్క ఉండేది. మధ్యాహ్నం భోజనం చేశాక పదిహేను నిమిషాలు తన పక్కన కూర్చోబెట్టుకుని, వడ్డీ ఎలా లెక్కేస్తారో, వాయిదా తప్పితే ఏ రిజిస్టర్‌లో ఎక్కిస్తారో చూపించేది. ఆమెకి ఎవరూ చెప్పలేదు, తనంతట తానే చేసింది. నేను నేర్చుకున్నదంతా ఆ పదిహేను నిమిషాల్లోనే. ఆమె సెలవు పెట్టిన రోజు నాకు ఏ పనీ ఉండేది కాదు.

అందుకే కంపెనీ పేరు చూడకండి మేడమ్. లోపల నేర్పేది ఎవరో ముందే అడగండి.

—

క్యూసీ పరవాడ · సోమవారం, ఉదయం 6:50

మేడమ్ గారూ, పరవాడ ఫార్మా సిటీలో ఒక యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ చూస్తాను. మీరు చెప్పిన పుస్తకం గురించి ముందు మాట్లాడాలి, ఎందుకంటే మా పనంతా ఆ పుస్తకం లాంటిదాని మీదే నడుస్తుంది.

మా ల్యాబ్‌లో కొత్తవాళ్లకి మొదటి వారం మెషీన్ ముట్టనివ్వం. రాయడం నేర్పుతాం. పీహెచ్ మీటర్‌ని బఫర్‌లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూస్తే, ఎంత చూపిందో అప్పుడే, అక్కడే నిలబడి లాగ్‌బుక్‌లో రాయాలి. చేతి మీద, చీటీ మీద రాసుకుని తర్వాత ఎక్కించకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం, తేదీ వేయాలి. కొట్టేసిన అంకె కింద కనబడుతూనే ఉండాలి. వైట్‌నర్ మా ల్యాబ్ లోపలికే రానివ్వం. కాలేజీ రికార్డులు ముత్యాల్లాంటి అక్షరాలతో తర్వాత తీరిగ్గా రాసి అలవాటైన పిల్లలకి ఇది చాలా కష్టం. చేయని రోజుకి సంతకం పెట్టడం మా దగ్గర డేటా ఇంటెగ్రిటీ తప్పు, అంటే రికార్డులో అబద్ధం రాసినట్టు. దాంతో ఉద్యోగం పోతుంది, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో బయటపడితే కంపెనీకే ముప్పు. అంటే మనం పిల్లలకి మొట్టమొదట నేర్పుతున్నదే మేం పనిలోంచి తీసేసే తప్పు. ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

మా దగ్గర నలుగురికి చోటు అడగగలను. అంతకంటే ఎక్కువ మందిని తీసుకుంటే నేర్పలేం, ఉన్న కెమిస్టుల పని ఆగుతుంది. కెమిస్ట్రీ మార్కులు ఎంతైనా పరవాలేదు. మొలారిటీ (ద్రావణం గాఢత) లెక్క కాగితం మీద వేయగలగాలి, తెలియనిది తెలియదని చెప్పగలగాలి. రెండోది నాకు ఎక్కువ ముఖ్యం.

—

కశింకోట నాన్న · సోమవారం, ఉదయం 8:15

నేను ఆటో నడుపుతాను. మా అమ్మాయి బీఎస్సీ రెండో ఏడాది. సార్, మీరు మంచివారే కానీ తండ్రిగా అడుగుతున్నాను. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ప్రమాదం జరిగినప్పుడు 17 మంది పోయారు. ఆ రోజు మా వీధిలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. పిల్లని ఫార్మా కంపెనీకి పంపమంటే మా ఇంటావిడ ఒప్పుకోదు. పర్మినెంట్ వాళ్లకి ఏదైనా అయితే కంపెనీ చూసుకుంటుంది. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి ఎవరు దిక్కు?

—

క్యూసీ పరవాడ · సోమవారం, మధ్యాహ్నం 1:20

అన్నా, మీ భయం న్యాయమైనది. నేను దాన్ని తగ్గించి చెప్పను. ఆ రోజు పోయినవాళ్లలో కుర్రాళ్లు ఉన్నారు.

చేయగలిగింది చెబుతాను. పిల్లల్ని ప్రొడక్షన్ బ్లాక్‌లోకి, సాల్వెంట్ స్టోర్‌లోకి పంపకూడదని కాలేజీ ముందే కాగితం మీద రాయించుకోవాలి. మా ల్యాబ్ వేరే భవనంలో ఉంటుంది. మొదటి రోజు సేఫ్టీ ట్రైనింగ్ అయ్యేదాకా ఎవరూ లోపలికి రారు. సైరన్ మోగితే ఏ గేటు దగ్గర చేరాలో నడిపించి చూపిస్తాం. నైట్ షిఫ్ట్ అసలు వద్దు, జనరల్ షిఫ్ట్ మాత్రమే. ప్రమాద బీమా కంపెనీ కడుతుందా, కాలేజీ కడుతుందా అన్నది చేరకముందే తేలాలి. ఈ నాలుగింటిలో ఒక్కటి రాసివ్వకపోయినా పిల్లని పంపకండి.

—

చట్టం ప్రకారం · సోమవారం, సాయంత్రం 5:05

అన్న అడిగిన ప్రశ్నకి చట్టం వైపు నుంచి ఒక ముఖ్యమైన తేడా ఉంది. అప్రెంటిస్‌, ఇంటర్న్ ఒకటి కాదు.

1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం నమోదైన అప్రెంటిస్‌కి పనిలో గాయమైతే నష్టపరిహారం ఇవ్వాల్సింది యజమానే. ఆ చట్టంలోకి గ్రాడ్యుయేట్లను, డిప్లొమా వాళ్లను 1973 సవరణతో తెచ్చారు. కాలేజీ ఉత్తరంతో వచ్చిన మామూలు ఇంటర్న్‌కి ఆ రక్షణ అంత స్పష్టంగా ఉండదు. అందుకే బీమా విషయం కాలేజీకీ కంపెనీకీ మధ్య రాసుకునే ఒప్పంద పత్రంలో (ఎంఓయూ) రాయించుకోవాలి.

స్టైపెండ్‌లో కూడా తేడా ఉంది. నాట్స్ అనే కేంద్ర పథకంలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కి నెలకి కనీసం 9 వేలు అని 2019లో పెట్టారు. అందులో సగం కేంద్రం భరిస్తుంది. కాంట్రాక్టు వాళ్లతో కలిపి 30 మంది, అంతకు మించి పనివాళ్లు ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మేడమ్ గారూ, ఇది మీకు పనికొస్తుంది. మీరు కంపెనీ గేటు దగ్గరికి సాయం అడగడానికి వెళ్లడం లేదు. వాళ్లు ఎలాగూ నింపాల్సిన లెక్క ఒకటి ఉంది. దక్షిణాది రాష్ట్రాలకి దీన్ని చూసేది చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు.

డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్‌ని కలిపే కోర్సులకి యూజీసీ 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ కాలేజీ ఆ దారిలోకి వెళితే తర్వాతి బ్యాచ్‌లకి స్టైపెండ్ హక్కుగా వస్తుంది. ఒక హెచ్చరిక కూడా. పీఎం ఇంటర్న్‌షిప్ పథకం గురించి పిల్లలు అడుగుతారు. 2024లో మొదలైనప్పుడు అది ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్లకి వర్తించలేదు, ఇప్పుడెలా ఉందో చూసుకుని చెప్పండి.

—

పాలిటెక్నిక్ మాస్టారు · సోమవారం, రాత్రి 8:30

అమ్మా, నేను రిటైరై పదేళ్లు దాటింది. కెమికల్ ఇంజనీరింగ్ శాండ్‌విచ్ డిప్లొమా చెప్పేవాణ్ని. మూడున్నరేళ్ల కోర్సు, మధ్యలో పిల్లల్ని ఫ్యాక్టరీకి పంపి మళ్లీ క్లాసుకి తెచ్చేవాళ్లం. మీరు ఇప్పుడు చేస్తున్నది మాకు పాత పనే.

మొదటి ఏడాది నేను ఒక తప్పు చేశాను. చక్కెర ఫ్యాక్టరీకి పిల్లల్ని జూన్‌లో పంపాను. అప్పటికే క్రషింగ్ (చెరకు ఆడించడం) అయిపోయింది. మిల్లు విప్పదీసి ఓవర్‌హాలింగ్ చేస్తున్నారు. పిల్లలు మూడు నెలలు నట్లు కడిగి వచ్చారు. మరుసటి ఏడాది ప్రిన్సిపాల్‌తో పోట్లాడి డిసెంబర్‌కి మార్పించాను. అప్పుడు చూడాలి! చెరకు లారీలు రోడ్డు పొడవునా నిలబడి ఉంటాయి, రసం శాంపిల్ గంట గంటకీ వస్తుంది. ఒకడు బ్రిక్స్ (రసంలో కరిగి ఉన్న పదార్థం శాతం) చూస్తుంటే ఇంకొకడు పోల్ (అందులో చక్కెర శాతం) చూస్తాడు, అంకె తప్పితే రసం మరిగించే పాన్ దగ్గరి నుంచి కేక వినబడుతుంది. పని ఎప్పుడు నడుస్తుందో చూసుకుని పిల్లని పంపాలి. మన సెమిస్టర్ కోసం చెరకు ఆగదు.

ఇంకొకటి. రెండు వారాలకోసారి బస్సెక్కి వెళ్లేవాణ్ని. కుర్రాణ్ని కాకుండా వాడికి పని చెప్పే ఫిట్టర్‌ని ముందు అడిగేవాణ్ని, "మావాడు నిన్న ఏం చేశాడు?" అని. గుర్తుకొచ్చి చెబితే వాడు పని చేస్తున్నట్టు. ఆలోచనలో పడితే వాడు మూల కూర్చున్నట్టు. బిట్స్ పిలానీ వాళ్లు 1973లో ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టినప్పుడు చేసిన గొప్ప పని కూడా ఇదే. పిల్లలతో పాటు అధ్యాపకుణ్నీ ఫ్యాక్టరీకి పంపారు. మీ ప్రిన్సిపాల్ గారిని అడగండి, మీ టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పూట తిరగడానికి ఇస్తారా అని. ఆ పూట ఇవ్వకపోతే ఎన్ని ఎంఓయూలు రాసుకున్నా బీరువాలో ఉంటాయి.

—

లెడ్జర్ · మంగళవారం, ఉదయం 7:10

బీకామ్ పిల్లల్ని ఎక్కడికి పంపాలో ఎవరూ ఎత్తలేదు, నేను చెబుతాను. గాజువాకలో చిన్న ఆడిట్ ఆఫీసు నాది. సీఏలో ఆర్టికల్‌షిప్ అనేదే పనిచేస్తూ నేర్చుకోవడం. 2023లో కొత్త స్కీమ్ వచ్చాక మూడేళ్లది రెండేళ్లైంది. డిగ్రీ పిల్లలకి ఆరు నెలలే ఉన్నా అదే పద్ధతి పనిచేస్తుంది.

మా దగ్గర నెలకి ఒక లయ ఉంటుంది. 11 లోపు జీఎస్టీ అమ్మకాల రిటర్న్, 14న 2బీ (అమ్మినవాళ్లు మన పేరు మీద చూపించిన బిల్లుల జాబితా) వస్తుంది, 20 లోపు 3బీ (నెల పన్ను లెక్క తేల్చే రిటర్న్) కట్టాలి. ఇంటర్న్‌కి నేను ఇచ్చే మొదటి పని 2బీ సరిచూడటం. షాపు వాళ్ల కొనుగోలు బిల్లుల కట్ట ఒక పక్క, 2బీ ఒక పక్క పెట్టుకుని ఒక్కో బిల్లుకీ టిక్ పెట్టాలి. గత ఏడాది వచ్చిన ఒక అమ్మాయి మూడో రోజున నా టేబుల్ దగ్గరికి వచ్చి, "సార్, ఈ నాలుగు బిల్లులు 2బీలో రావట్లేదు, మన జీఎస్టీ నంబర్ మొదట్లో 37 ఉండాలి కదా, బిల్లుల మీద 36 ఉంది" అంది. 37 మన రాష్ట్రం, 36 తెలంగాణ. హోల్‌సేలర్ ఆ బిల్లుల్ని మా క్లయింట్ హైదరాబాద్ బ్రాంచి మీద వేసేశాడు. నా సీనియర్ అసిస్టెంట్ రెండు నెలలుగా గమనించలేదు. ఆ అమ్మాయి బీకామ్‌లో జీఎస్టీ పేపర్ రాసి పాసైంది కానీ, రిటర్న్ ఎలా ఉంటుందో అంతకు ముందు చూడలేదు.

డిసెంబర్‌లో పంపండి. మార్చి 31 నాటికి చెయ్యి తిరుగుతుంది. ఇద్దరికి చోటుంది, నెలకి 4 వేలు ఇస్తాను, అంతకు మించి నా వల్ల కాదు. లోపల చూసిన లెక్కలు బయట మాట్లాడకూడదని పిల్లలకి కాలేజీలోనే గట్టిగా చెప్పి పంపండి. బజారులో ఒక్క మాట జారితే నా ఆఫీసు మూసుకోవాల్సిందే.

—

కిచెనర్ నుంచి · మంగళవారం, ఉదయం 9:55

కెనడాలో ఉంటున్నాను. వాటర్లూ యూనివర్సిటీలో కో-ఆప్ చేశాను. అక్కడ 1957 నుంచి నడుస్తోంది. ఈ ఆలోచన అమెరికాలో సిన్సినాటిలో 1906లోనే మొదలైంది. నాలుగు నెలలు క్లాసు, నాలుగు నెలలు పని, మళ్లీ క్లాసు, మళ్లీ పని. పనికి జీతం ఇస్తారు.

అక్కడా ఇక్కడా పోల్చడం నా ఉద్దేశం కాదు, అక్కడ కంపెనీలు వేరు, డబ్బు వేరు. కానీ ఒక్క సంగతి మనకి పైసా ఖర్చు లేకుండా పనికొస్తుంది. నేను పని నుంచి తిరిగొచ్చి మళ్లీ క్లాసులో కూర్చున్నప్పుడు పాఠం వేరేలా వినబడింది. అంతకు ముందు నిద్రొచ్చిన స్టాటిస్టిక్స్ క్లాసులో చెయ్యెత్తి అడగడం మొదలుపెట్టాను, ఎందుకంటే పనిలో ఒక గ్రాఫ్ అర్థం కాక నలుగురి ముందు ఇబ్బంది పడ్డాను. మన దగ్గర ఆఖరి సెమిస్టర్‌లో పంపితే పిల్లలు మళ్లీ క్లాసుకే రారు. ఆ ప్రశ్నలు ఎవరిని అడగాలి? మేడమ్, రెండు వారాలకో శనివారం అందరినీ కాలేజీకి పిలవండి. పనిలో అర్థం కానిది ఒక్కటి తెచ్చి బోర్డు మీద రాయమనండి.

—

పాడేరు పిల్ల · మంగళవారం, రాత్రి 9:15

అందరూ పరవాడ, గాజువాక అంటున్నారు. మాది పాడేరు దగ్గర. ఇక్కడి డిగ్రీ కాలేజీల్లో చదివేవాళ్లకి ఏ ఫార్మా కంపెనీ ఉంది? విశాఖలో రూమ్ తీసుకుని ఆరు నెలలు ఉండాలంటే మా నాన్న దగ్గర అంత డబ్బు లేదు. తప్పనిసరి అని పెట్టినవాళ్లు మా ఊరు చూసి పెట్టలేదు. నాకు కోపంగా ఉంది, క్షమించండి.

—

పాలిటెక్నిక్ మాస్టారు · మంగళవారం, రాత్రి 10:00

క్షమించమని అడగకు తల్లీ, నీ కోపం సరైనదే. కానీ మీ ఊళ్లో పని లేదని మాత్రం అనకు. మీ కొండల్లో కాఫీ పండు నవంబర్ నుంచి కోతకొస్తుంది. పండు కోసిన రోజే పల్పింగ్ చేయాలి, అంటే పై తొక్క తీయాలి, లేకపోతే పులిసిపోతుంది. గింజ ఎండబెట్టేటప్పుడు తేమ ఎంత ఉందో చూడాలి. కొనే చోట గ్రేడు కట్టాలి, రైతుకి లెక్క రాసి ఇవ్వాలి. ఇందులో బోటనీ ఉంది, కెమిస్ట్రీ ఉంది, కామర్స్ ఉంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ మీ దగ్గరే ఉంది. మీ లెక్చరర్‌ని తీసుకుని అక్కడికి వెళ్లు. పెద్ద బోర్డు ఉన్న కంపెనీలోనే పని నేర్పుతారని ఎవరు చెప్పారు?

—

పాడేరు పిల్ల · మంగళవారం, రాత్రి 10:20

మా నాన్నకి ఎకరంన్నర కాఫీ ఉంది మాస్టారూ. తేమ ఎంత ఉందో పంటితో కొరికి చెబుతారు. దాన్ని మీటర్‌తో చూడొచ్చని తెలుసు గానీ అది చదువు కిందకి వస్తుందని అనుకోలేదు. రేపు మా బోటనీ సార్‌ని అడుగుతాను.

—

శారదా తీరం · నాలుగు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:30

ఆలస్యంగా వచ్చినందుకు మన్నించండి. తిరుగుతూనే ఉన్నాను.

ప్రిన్సిపాల్ గారు శుక్రవారం మధ్యాహ్నాలు ఇచ్చారు. నేను, కామర్స్ సార్ కలిసి 31 చోట్లకి వెళ్లాం. కొన్ని చోట్ల సెక్యూరిటీ దగ్గరే ఆపేశారు. ఒక చోట పిల్లకి ఇంత అని మమ్మల్నే డబ్బు అడిగారు, లేచి వచ్చేశాం. 17 సంస్థలు ఒప్పుకున్నాయి. వాటిలో పెద్దవి మూడే. మిగతావి నీళ్ల పరీక్ష ల్యాబ్, రెండు డయాగ్నస్టిక్ సెంటర్లు, బెల్లం వ్యాపారుల లెక్కలు చూసే ఆఫీసు, కోల్డ్ స్టోరేజీ, ఇలాంటివి. 49 మందికి చోటు దొరికింది. 15 మంది మిగిలారు. ఎక్కువ మంది అమ్మాయిలే, బస్సు కుదరక.

మీరందరూ చెప్పినవి కలిపి ఒకే పేజీ ఉత్తరం తయారు చేశాం. నేర్పే మనిషి పేరు, ఫోన్ నంబర్ రాయాలి. ఏ గదుల్లోకి పంపకూడదో రాయాలి. బీమా ఎవరు కడతారో రాయాలి. పుస్తకంలో సంతకం ఏ రోజుది ఆ రోజే, తప్పితే శనివారం లోపు. ఆ తర్వాత పెట్టిన సంతకాన్ని మేం లెక్కలోకి తీసుకోం, ఆ వరుస ఖాళీగా ఉన్నా పరవాలేదు. ఈ చివరి షరతు చదివి ఒక హెచ్‌ఆర్ గారు, "ఖాళీ వరుసలకి మార్కులు తగ్గిస్తారా?" అని అడిగారు. తగ్గించం అన్నాను. ఖాళీగా ఉంటే ఆ వారం నేనే వచ్చి ఎందుకో చూస్తాను అన్నాను.

కేటరింగ్‌కి వెళ్లిన ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. డిగ్రీ చేతికొచ్చింది, ఇంకా కేటరింగ్‌లోనే ఉన్నాడు. నాట్స్ వివరాలు పంపి, పోర్టల్‌లో నమోదు చేయడానికి కాలేజీకి రమ్మన్నాను. వస్తానన్నాడు, రెండు శనివారాలైంది, రాలేదు. రేపు వాళ్లింటికి వెళ్తున్నాను.

మిగిలిన 15 మంది కోసం ఎవరి దగ్గరైనా చోటుంటే చెప్పండి. ఒక్కరికైనా సరే.

—

కశింకోట నాన్న · శనివారం, రాత్రి 7:45

మేడమ్ గారూ, ఆ అమ్మాయిలది ఏ రూటో చెప్పండి. మా స్టాండ్‌లో 22 ఆటోలున్నాయి. పొద్దున, సాయంత్రం నెలవారీ లెక్కన నలుగురైదుగురు కలిస్తే తక్కువలో అవుతుంది. ఆడపిల్లలు కాబట్టి వయసున్న డ్రైవర్లనే పెడతాం. మంగళవారం లోపు చెబితే మాట్లాడి పెడతాను.

—

క్యూసీ పరవాడ · శనివారం, రాత్రి 9:10

మీ ఉత్తరం మీద మా ప్లాంట్ హెడ్ ఈ రోజు సంతకం చేశారు మేడమ్. నేర్పే మనిషి అన్న చోట నా పేరే రాశాను. నలుగురినీ సోమవారం 8:15కి మెయిన్ గేటు దగ్గరికి రమ్మనండి, ఆధార్ జిరాక్స్ తెచ్చుకోవాలి, జుట్టు ముడి వేసుకోవాలి, గాజులు, ఉంగరాలు వద్దు. సేఫ్టీ బూట్లు మేమే ఇస్తాం, సైజులు పంపండి.

—

శారదా తీరం · శనివారం, రాత్రి 9:25

నలుగురికీ ఫోన్ చేసి అడిగాను సార్. 4, 5, 8, 8.